పోటీ అంటే వెనుకంజ వేస్తున్న అమ్మాయికి ధైర్యం నూరిపోయడం ఎలా?

గేట్‌బజార్ నాన్న (బరంపురం)

ఈ వేదికలో ఇంతకాలం చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మా అమ్మాయికి పదమూడేళ్లు. రెండేళ్లుగా ఇంటికి దగ్గరలో ఉన్న వ్యాయామశాలలో వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటోంది. నేను బట్టల కొట్టు నడుపుకునేవాణ్ణి. చిన్నప్పుడు గోలీలు తప్ప ఏ ఆటా ఆడినవాణ్ణి కాదు. సాయంత్రం పిల్లను బండి మీద దించి, కొట్టు కట్టేశాక తీసుకురావడం వరకే నా పాత్ర.

సాధనలో స్నాచ్ (బార్‌ను, అంటే బరువులు తగిలించిన కడ్డీని, ఒక్క ఊపులో నేల మీద నుంచి తల పైకి ఎత్తడం) 32 కిలోల దాకా ఎత్తుతుంది. పోయిన నెల ఛత్రపురంలో జరిగిన పోటీలో 30 కిలోలతో మొదలుపెట్టి, మూడు ప్రయత్నాలూ పోగొట్టుకుంది. మూడోసారి బార్ కింద పడిన చప్పుడు వినగానే నేను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాను. చేతులు తీసి చూస్తే అమ్మాయి ప్లాట్‌ఫాం మీద నిలబడి నావైపే చూస్తోంది.

ఇంటికి వచ్చే దారంతా ఎక్కడ పొరపాటు జరిగిందో, తోటి పిల్లలు ఎలా ఎత్తారో, బూట్లకూ బెల్టుకూ ఎంత ఖర్చు పెట్టామో చెబుతూనే ఉన్నాను. అవి తిట్లు కావని, ఆమె మంచి కోసమే చెబుతున్నానని అనుకున్నాను. అప్పటి నుంచి వ్యాయామశాలకు బయలుదేరే వేళకు కడుపునొప్పి అంటోంది. బార్ మీద 25 కిలోలు దాటితే చాలు, పట్టుకున్న చేతులు వదిలేస్తోందని కోచ్ గారు చెప్పారు. "నీకు ధైర్యం లేదు" అని ఒక రోజు అనేశాను. ఆ రాత్రి అన్నం తినకుండా పడుకుంది. పిల్లలకు ధైర్యం ఎలా నూరిపోయాలో అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరని ఆశిస్తున్నాను.

పాత లిఫ్టరు (బరంపురం)

అయ్యా, అమ్మాయి ధైర్యం గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ 30 సంగతి చూద్దాం. సాధనలో 32 ఎత్తే పిల్ల చేత పోటీలో 30తో మొదలుపెట్టించడమే నాకు తప్పుగా తోస్తోంది. మా ఆటలో బార్ మీద బరువు పెరుగుతూ పోవడమే ఉంటుంది, తగ్గించడం ఉండదు. మొదటి ప్రయత్నం పోయిందంటే మళ్లీ అదే బరువు ఎత్తాలి, లేదా ఇంకా పెంచుకోవాలి. వెనక్కి వెళ్లే దారి లేదు. అందుకే మొదటి బరువు ఎప్పుడూ నిద్రలో లేపి ఎత్తమన్నా ఎత్తగలిగేదిగా ఉండాలి. ఎత్తడం సరిగా ఉందని జడ్జీలు వేసే మూడు తెల్ల లైట్లు ఒక్కసారి వెలిగాయంటే పిల్లకు వచ్చే నిబ్బరం మీరూ నేనూ గంటసేపు ఉపన్యాసం ఇచ్చినా రాదు.

రెండో సంగతి. మీ అమ్మాయికి బార్ వదిలేయడం ఎవరైనా నేర్పారా? నవ్వకండి. స్నాచ్‌లో బరువు తల మీదికి వచ్చాక అదుపు తప్పితే ముందుకు వదిలి వెనక్కి జరగాలి, వెనక్కి పడబోతోందంటే చేతులు విడిచి ముందుకు దూకాలి. నా దగ్గరకు వచ్చే పిల్లలకు నేను మొదటి నెలంతా వెదురు కర్రతో అదే చేయిస్తాను. ఎత్తడం తర్వాత, ముందు పడేయడం. వారం రోజులు పడేయడమే పనిగా పెట్టుకున్న పిల్లకు బార్ కింద పడిన చప్పుడు అవమానంలా వినబడదు. మీ అమ్మాయి 25 దగ్గర చేతులు వదులుతోందంటే బరువుకు భయపడుతోందా, ఆ చప్పుడుకు భయపడుతోందా, లేక చప్పుడు తర్వాత కనిపించే ముఖానికా అన్నది మీరే ఆలోచించండి. కటువుగా రాశానేమో, మన్నించండి.

మన ఊరి కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చినప్పుడు ఇక్కడ వీధి వీధినా కర్రలు పట్టిన పిల్లలు తయారయ్యారు. వాళ్లలో నిలిచినవారు తక్కువ. మానేసినవారిలో చాలామంది ఓడిపోయి మానలేదు, ఓడిన రోజు ఇంట్లో జరిగినదానికి మానేశారు. ఇది నేను కళ్లారా చూసినది.

నాగావళి గట్టు (రాయగడ)

పై సలహాలు బాగానే ఉన్నాయి. అయితే ఈ కాలం తల్లిదండ్రులు పిల్లలను గాజుబొమ్మల్లా చూస్తున్నారని నా అభిప్రాయం. మా నాన్నగారు నన్ను తొమ్మిదో ఏట నాగావళిలోకి తోసేశారు. నాలుగు గుక్కలు మింగాను, చేతులూ కాళ్లూ ఆడించాను, ఈత వచ్చింది. తర్వాత ముప్పై ఏళ్లు యూనిఫాం ఉద్యోగం చేసినా భయం అన్న మాట ఎరగను. కడుపునొప్పి అనగానే ఇంట్లో కూర్చోబెడితే రేపు తలనొప్పి అంటుంది. ప్లాట్‌ఫాం మీద నిలబెట్టండి, దానంతట అదే అలవాటవుతుంది.

వంశధార (గుణుపురం)

నాగావళి గారూ, మీకు ఈత వచ్చినందుకు సంతోషమే. కానీ నీళ్లలోకి తోసిన పిల్లల్లో ఈత నేర్చుకున్నవారే ఆ కథ చెబుతారు. జీవితాంతం నీళ్ల జోలికి వెళ్లనివారు అసలు ఆ ప్రస్తావనే తేరు కాబట్టి ఆ పద్ధతి ఎంతమంది విషయంలో పనిచేసిందో మనకు తెలిసే మార్గం లేదు.

నేను పాఠశాల ఉపాధ్యాయినిని. మా అబ్బాయి ఫుట్‌బాల్‌లో గోల్‌కీపరు. పదకొండో ఏట ఒక బంతి నేరుగా ముఖానికి తగిలి ముక్కు నుంచి రక్తం వచ్చింది. ఆ తర్వాత బంతి వస్తుంటే కళ్లు మూసుకోవడం మొదలుపెట్టాడు. "భయపడకు నాన్నా" అని నేను వంద సార్లు అని ఉంటాను. ఒకనాడు వాడు "నువ్వు భయపడకు అంటే నాకు ఇంకా సిగ్గుగా ఉంటోంది" అన్నాడు. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. ఆ మాటతో నేను వాడి భయం తగ్గించడం లేదు, భయపడటం తప్పు అని చెబుతున్నాను. వాడికి ఉన్నది ఒక్క భయం, నేను దానికి సిగ్గును తోడు చేశాను.

మా పెరట్లో గోడకు ఎదురుగా సుద్దముక్కతో నాలుగు గీతలు గీశాను. ఏ గీత మీద నుంచి నేను బంతి తన్నాలో వాడే చెప్పాలని ఒప్పందం. మొదటి రోజు అన్నిటికంటే దూరంగా ఉన్న గీత చూపించి, రబ్బరు బంతితో తన్నమన్నాడు. చీర కుచ్చిళ్లు దోపుకుని నేను తన్నిన బంతి పక్కింటి వాళ్ల కొబ్బరిచెట్టు దాకా వెళ్లింది, అది వేరే కథ. మూడు వారాలకు వాడే రెండో గీతకు రమ్మన్నాడు, ఆ తర్వాత అసలు బంతి తెచ్చుకున్నాడు. నేను ఒక్కసారి కూడా "ఇంకొంచెం దగ్గరకు రానా" అని అడగలేదు. అడగకుండా ఉండటం నాకు ఎంత కష్టమైందో మాత్రం చెప్పలేను.

ఓడిన రోజు దారిలో నేను ఒకే ప్రశ్న అడుగుతాను: "ఆకలేస్తోందా?" బస్టాండు దగ్గర బండి మీద బరా, ఘుగుని తింటాము. ఆట గురించి వాడు ఎత్తితే మాట్లాడతాను, ఎత్తకపోతే లేదు. ఒక్కోసారి రెండు రోజులకు ఎత్తుతాడు, ఒక్కోసారి అసలే ఎత్తడు. గెలిచిన రోజూ ఇదే నియమం. గెలిస్తే పండగ, ఓడితే మౌనం అన్నట్టుంటే పిల్లలు ఇట్టే పసిగడతారు.

గేట్‌బజార్ నాన్న (బరంపురం)

పాత లిఫ్టరు గారి మాట గుచ్చుకున్న మాట నిజం. ముఖం కప్పుకున్నది నేనే కాబట్టి భరించక తప్పదు. వంశధార గారికి ఒక సందేహం. మీరు ఉపాధ్యాయిని, పిల్లల మనసు తెలిసినవారు. పి.వి. సింధు వంటివారి తల్లిదండ్రులు స్వయంగా క్రీడాకారులు. ఆటలో ఓనమాలు తెలియని నా వంటివాడు పిల్లకు ఏ ధైర్యం ఇవ్వగలడు?

రాత్రి డ్యూటీ (పర్లాకిమిడి)

సింధు తండ్రి రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టులో ఆడినవారు, తల్లి కూడా వాలీబాల్ క్రీడాకారిణి. ఓటమి రుచి తెలిసిన ఇల్లు కాబట్టే 2017లోనూ 2018లోనూ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ దాకా వచ్చి ఓడిన అమ్మాయి 2019లో బాసెల్‌లో మళ్లీ ఫైనల్‌కు చేరి, 2017లో తనను ఓడించిన జపాన్ అమ్మాయి ఒకుహారానే 21-7, 21-7 తేడాతో ఓడించగలిగిందని మీరు అనవచ్చు. కాదనను. కానీ హర్డిల్స్ పరుగులో పేరు తెచ్చుకున్న విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలో పనిచేసిన మనిషి. వాళ్లు ఏ హర్డిల్సూ దూకలేదు.

జ్యోతి మన భువనేశ్వర్‌లోనే సాధన చేసింది కాబట్టి ఆమె సంగతి ఇక్కడ చెప్పడం నాకు ఇష్టం. 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. పక్క వరుసలోని చైనా అమ్మాయి తుపాకీ పేలకముందే కదిలితే, ఆమెతో పాటు జ్యోతిది కూడా తప్పుడు ఆరంభమేనని అధికారులు తేల్చారు. వేరే దేశం, నిండు స్టేడియం, చుట్టూ ఆ ఊరి అమ్మాయి కోసం అరుస్తున్న జనం. జ్యోతి తల వంచుకుని వెళ్లిపోలేదు. తెర దగ్గరకు వెళ్లి దృశ్యం చూపించమంది, తన తప్పు లేదని వాదించింది. చివరికి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. 12.91 సెకన్లలో మూడోదిగా వచ్చింది, ఆ తర్వాత చైనా అమ్మాయిని అనర్హురాలిగా ప్రకటించడంతో రజతం దక్కింది. అంత గందరగోళం తర్వాత పది హర్డిళ్లు దూకడం ఒక ఎత్తయితే, అధికారి ముఖం చూసి "నాది తప్పు కాదు" అని చెప్పడం ఇంకో ఎత్తు. నేను ఆ రెండోదాని గురించే రాయాలనుకున్నాను.

మన పిల్లలకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఇంట్లో తెలుగు, మైదానంలో ఒడియా. మా వాడు కబడ్డీకి వెళ్లిన మొదటి ఏడాది సారు చెప్పినది సగం అర్థం కాకపోయినా తల ఊపేవాడు. ఆటలో తప్పు చేస్తే "వీడికి బెదురు" అని సారు రాసుకునేవారు. బెదురు కాదు, భాష. నేను చేసిందల్లా ఒక్కటే. రాత్రి డ్యూటీకి వెళ్లేముందు పది నిమిషాలు నేను సారుగా, వాడు వాడుగా నిలబడి "సార్, బుఝి పారిలి నాహిఁ, ఆఉ థరే కుహంతు" అని చెప్పించేవాణ్ణి. అర్థం కాలేదు, మరోసారి చెప్పండి అనే ఆ ఒక్క వాక్యం గొంతు దాటి రావడానికి వాడికి పదిహేను రోజులు పట్టింది. ఆ వాక్యం వచ్చాక రెయిడ్‌కు వెళ్లే కాలు కూడా మారింది. నాకు కబడ్డీలో ఓనమాలు తెలియవు, మీలాగే.

వార్డు సిస్టర్ (జయపురం)

గేట్‌బజార్ గారిని నాలుగు ప్రశ్నలు అడుగుతాను, సమాధానాలు ఇక్కడ రాయనక్కర్లేదు. పోటీ ముందు రాత్రి, పోటీ రోజు పొద్దున అమ్మాయి ఏం తింది? నెలసరి తేదీ ఎప్పుడు? ఆ ఆటలో వేసుకునే బిగుతైన కాస్ట్యూమ్ గురించి ఆమెకు ఇబ్బంది ఉందా? కడుపునొప్పి సాధన రోజుల్లోనే వస్తోందా, సెలవు రోజుల్లో కూడానా? ఇవి మీరు అడిగేకంటే ఆమె తల్లి అడిగితే మేలు.

కాస్ట్యూమ్ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. కాళ్లూ చేతులూ కప్పే బిగుతైన దుస్తు లోపల వేసుకోవడానికి అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ నియమాలు 2011 నుంచి అనుమతిస్తున్నాయి. పదమూడేళ్ల పిల్ల మనసంతా జనం చూపుల మీద ఉంటే బార్ మీద ఎలా నిలుస్తుంది?

ఇక కడుపునొప్పిని నటన అనుకోకండి. ఆందోళన కలిగినప్పుడు పేగుల కదలిక మారుతుంది, నొప్పి నిజంగానే వస్తుంది. పరీక్ష రోజు పొద్దున మనలో ఎంతమంది రెండుసార్లు దొడ్డికి పరుగెత్తలేదు? నొప్పి రాత్రి నిద్రలో లేపేస్తున్నా, బరువు తగ్గుతున్నా, వాంతులు ఉన్నా డాక్టరుకు చూపించండి. అవేవీ లేకపోతే "నొప్పి లేదు, పద" అనకుండా "నొప్పి ఉంది, అయినా వెళ్లి కూర్చుని వద్దామా, ఎత్తనక్కర్లేదు" అని చూడండి. వెళ్లడం మానేస్తే భయం పెరుగుతుంది, ఈ విషయంలో నాగావళి గారితో నేను ఏకీభవిస్తాను. బలవంతంగా తోస్తే అంతకంటే ఎక్కువ పెరుగుతుంది, ఇక్కడ ఏకీభవించను.

గేట్‌బజార్ నాన్న (బరంపురం)

సిస్టర్ గారూ, మీరు రాయవద్దన్నా ఒకటి రాస్తాను, ఇంకెవరికైనా పనికివస్తుంది. నిన్న రాత్రి మా ఇంటావిడ పిల్లకు జడ వేస్తూ అడిగింది. బరువు తూచేటప్పుడు కాస్త ఎక్కువ తూగితే పై విభాగంలో పెద్ద పిల్లలతో ఎత్తాల్సి వస్తుందని ఎవరో సీనియర్ అమ్మాయి చెప్పిందట. అందుకని పోటీ ముందు రాత్రి అన్నం పెరట్లో కుక్కకు పెట్టేసింది, పొద్దున మంచినీళ్లు కూడా తాగలేదు. బరువు తూచాక తిందామనుకున్నా గుండెదడకు ఏమీ మింగుడుపడలేదట. మూడు ప్రయత్నాలూ చేసింది ఖాళీ కడుపుతో. దారిలో నేను బూట్ల ధర చెబుతున్నప్పుడు నా వెనక కూర్చున్న పిల్ల అప్పటికి దాదాపు ఒక రోజుగా ఏమీ తినలేదు. నేను అడిగి ఉంటే చెప్పేదే. నేను అడగలేదు.

పాత లిఫ్టరు (బరంపురం)

ఇదైతే కోచ్ తప్పు, నా వంటివాళ్లందరి తప్పు. ఎదిగే వయసు పిల్లలు బరువు దించుకోకూడదు, పై విభాగంలో ఎత్తినా కొంపలేమీ మునిగిపోవు. బరువు తూచేది పోటీకి రెండు గంటల ముందు, ఆ తర్వాత తినడానికి కావలసినంత సమయం ఉంటుంది. అరటిపండు, అటుకులు, కాస్త బెల్లం సంచిలో పెట్టి పంపండి. గుండెదడకు ఘనపదార్థం దిగకపోతే మజ్జిగ అన్నం పలుచగా కలిపి తాగించండి. నేను మొదటి టపాలో 30 బరువు ఎక్కువని ఘంటాపథంగా రాశాను, అది ఇప్పటికీ నిజమే. కానీ అసలు కారణం నా కంటికీ ఆనలేదు.

ఇద్దరమ్మాయిల అమ్మ (ఛత్రపురం)

"అడిగి ఉంటే చెప్పేదే" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మా పెద్దమ్మాయి పరుగు పందేల శిక్షణకు వెళ్లేది. శిక్షకుడి పేరు, చోటు రాయను. చీలమండ బెణికినా రోజూ పరుగెత్తించారు. పిల్ల మాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఒక సాయంత్రం మేజోడు తీస్తుంటే కాలు గుమ్మడికాయలా వాచి కనిపించింది. ఎందుకు చెప్పలేదంటే, "సారు మాట దాటకూడదని మీరే అన్నారు కదా" అంది. నిజమే, మేమే అన్నాము. ఇంట్లో వినయం పేరుతో నోరు కట్టేసి, మైదానంలో పులిలా దూకమంటే ఏ పిల్లా దూకలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాము. నొప్పి అయినా, అలసట అయినా, ఎవరైనా తాకిన తీరు నచ్చకపోయినా, "ఇవాళ వద్దు" అని చెప్పే హక్కు పిల్లది. ఆ మాటకు మొదట మేము "సరే" అంటాము, కారణం తర్వాత అడుగుతాము. మొదటి నెలలో రెండుసార్లు ఊరికే వాడుకుంది, తెలిసినా ఊరుకున్నాము. మూడోసారి మాత్రం నిజంగానే చెప్పవలసింది చెప్పింది. ఏమిటన్నది ఇక్కడ రాయను. ఆడపిల్లయినా మగపిల్లవాడైనా లైంగిక వేధింపులకు 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుందని, పిల్లల కోసం 1098 సహాయ ఫోన్ నంబరు ఉందని క్రీడలకు పంపే ప్రతి ఇంట్లో పిల్లలకు ముందే తెలియాలి.

నాగావళి గట్టు (రాయగడ)

నాలుగు రోజులుగా ఈ చర్చ చదువుతున్నాను. నేను రాసినదానికి ఒక భాగం చేర్చాలి, మొదటిసారి దాన్ని కావాలని దాచలేదు, గుర్తు రాలేదు అంతే. మా నాన్నగారు ఆ రోజు తోసింది నన్నొక్కణ్ణే కాదు. ఏడేళ్ల మా తమ్ముణ్ణి కూడా తోశారు. వాడికి ఈత రాలేదు, జాలరి ఒకాయన జుట్టు పట్టుకుని పైకి లాగాడు. వాడికిప్పుడు అరవై దాటాయి. 2015 గోదావరి పుష్కరాలకు రాజమండ్రి దాకా నాతో వచ్చినవాడు మెట్టు మీదే నిలబడి, నా చేత చెంబుతో నీళ్లు తెప్పించుకుని నెత్తిన పోసుకున్నాడు. అప్పుడు నేను వాడిని ఆట పట్టించాను.

వంశధార గారు చెప్పిన లెక్క నా ఇంట్లోనే ఉంది. ఇద్దరిలో ఒకడు.

అయినా పిల్లలను కష్టానికి దూరంగా ఉంచడం మంచిదని నేను ఇప్పటికీ అనను. మా నాన్నగారు నడుములోతు నీళ్లలో మా పక్కన నిలబడి ఉంటే ఎలా ఉండేదో అని మాత్రం అనుకుంటున్నాను. ఆయనకు ఈత వచ్చో రాదో కూడా నాకు తెలియదు. నీళ్లలో ఆయనను నేను ఎప్పుడూ చూడలేదు.

వంశధార (గుణుపురం)

నాగావళి గారూ, ఇది రాసినందుకు నమస్కారం. గట్టు మీద నిలబడి తోసేవారు ఎక్కువే, నీళ్లలో దిగేవారు తక్కువే. నాకూ ఈత రాదు, మా వాడిని నేర్చుకోమని మాత్రం ఏటా పోరుతుంటాను.

గేట్‌బజార్ నాన్న (బరంపురం)

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. కడుపునొప్పి బాగా తగ్గింది. మొదటి వారం వ్యాయామశాలకు వెళ్లి గోడ పక్కన కూర్చుని వచ్చింది. రెండో వారం పాత లిఫ్టరు గారు చెప్పినట్టు కోచ్ గారిని అడిగి వెదురు కర్రతో పడేయడం సాధన చేయించాము. చిన్న పిల్లలతో కలిసి కర్ర పడేయడం మొదట నామోషీగా అనిపించినా, తర్వాత ఎవరు ఎక్కువ చప్పుడు చేస్తారో పందేలు వేసుకున్నారట. ఇప్పుడు 28 దాకా వచ్చింది.

వచ్చే ఆదివారం అస్కాలో చిన్న పోటీ ఉంది. నిన్న మెల్లగా "నువ్వు రావద్దు నాన్నా, అమ్మ వస్తుంది" అంది. నాకు చాలా బాధ కలిగింది. నేను చేసిన పొరపాటు తెలుసుకున్నాను, ఇంట్లో ఒక్క మాట కూడా అనడం లేదు. ఇప్పుడు నేను లేకుండా ఉంటే, తనను నమ్మడం లేదని అనుకోదా? వెళ్లి వెనక వరుసలో కనబడకుండా కూర్చోనా?

పాత లిఫ్టరు (బరంపురం)

వద్దు. కనబడకుండా కూర్చున్నా పిల్లలకు తెలిసిపోతుంది. బార్ ఎత్తమని పేరు పిలిచాక ఉండేది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో ఆమె నాన్న ఎక్కడున్నాడోనని వెతక్కూడదు. కరణం మల్లీశ్వరి సిడ్నీలో 2000 సెప్టెంబరు 19న స్నాచ్‌లో 110, జర్క్‌లో (ముందు భుజాల దాకా, అక్కడి నుంచి తల పైకి ఎత్తేది) 130 ఎత్తి మొత్తం 240 కిలోలతో కాంస్యం గెలిచిన రోజు, ఆఖరి ప్రయత్నానికి 137.5 అడిగింది. అది లేచి ఉంటే స్వర్ణమే. లేవలేదు. మనం రైల్లో వెళ్తుంటే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ వస్తుందే, ఆ ఆమదాలవలస పిల్ల. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ కూడా ఆ రోజు ఆఖరుగా చేసింది బార్ కింద పడేయడమే. అంత పెద్ద బరువు అడగాలంటే, పడితే ఏమవుతుందోనన్న లెక్క తలలో ఉండకూడదు. మీ అమ్మాయి ఆ లెక్క తీసేయడానికే మిమ్మల్ని రావద్దంటోంది. అడగగలిగింది కదా, అదే చూడండి.

వార్డు సిస్టర్ (జయపురం)

రావద్దని మీ ముఖం మీదే చెప్పగలిగిన పిల్లను ధైర్యం లేనిదని ఎలా అన్నారండీ? కొట్టు తెరుచుకుని కూర్చోండి. అరటిపళ్లు మరవకండి.

గేట్‌బజార్ నాన్న (బరంపురం)

కొట్టులో కూర్చోలేకపోయాను. అస్కా వరకు దించి, పోటీ జరిగే చోటికి వీధి ఇవతల టీ దుకాణంలో కూర్చున్నాను. నాలుగు టీలు తాగాను. లోపల బార్ పడిన చప్పుడు అక్కడికి వినిపిస్తూనే ఉంది, ఏది ఎవరిదో తెలియదు.

తర్వాత మా ఇంటావిడ చెప్పింది. స్నాచ్‌లో మొదటిది 26, లేచింది. రెండోది 29, పడింది. మూడోది మళ్లీ 29, లేచింది. అయిదుగురిలో నాలుగో స్థానం. బయటికి వచ్చాక ఆకలేస్తోందా అని అడిగాను. వేస్తోందంది. రెండు ప్లేట్లు ఇడ్లీ తిని, మా ఇంటావిడ పళ్లెంలోంచి బరా కూడా తీసుకుంది. ఆట గురించి ఎవరూ మాట్లాడలేదు. నా నాలుక చివర కనీసం పది ప్రశ్నలు ఉన్నాయి.

హింజిలి దాటాక బండి వెనక నుంచి తనే అంది: "రెండోది ముందుకు పడింది నాన్నా, మడమలు ముందే లేచిపోయాయి." ఊఁ అన్నాను. ఇంకాసేపటికి, "మూడోసారి లేపలేదు, అందుకే నిలిచింది" అంది. మళ్లీ ఊఁ అన్నాను. ఇంటికి వచ్చేదాకా అదే చెబుతూ వచ్చింది.

పాత లిఫ్టరు (బరంపురం)

మడమల సంగతి తనే పట్టుకుందా? అయితే వచ్చే పోటీకి 27తో మొదలుపెట్టించమని కోచ్ గారికి చెప్పండి. 28 అంటే మాత్రం ఒప్పుకోకండి.